రోహిణి కార్తెకు ముందే ఇల్లు చూసుకుందాం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను బకాయిలు, కరువు భృతి, వైద్య బిల్లులు – వీటి గురించి మనం కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ముప్పై ఏళ్ళకు పైగా కరెంటు శాఖలో పనిచేశారు కదా, మన ఇళ్ళలో ఫ్యాన్లు, కూలర్లు, ఎ.సి.లు, గీజర్ల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కాని మన వయసువారికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయమని ముందుగానే మనవి చేస్తున్నాను.

నేను రామగుండం, కొత్తగూడెం, విజయవాడల్లో ఉద్యోగం చేశాను. ఎండ అంటే ఏమిటో ఆ మూడు ఊళ్ళూ నాకు బాగానే నేర్పాయి. 2003 వేసవిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి మళ్ళీ వెయ్యిమందికి పైగా పోయారు. అలా పోయినవాళ్ళలో ఎండలో పనిచేసే కూలీల తర్వాత ఎక్కువగా కనిపించేది మనలాంటి పెద్దవాళ్ళే. వయసు పెరిగినకొద్దీ చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మందులు, మూత్రం ఎక్కువ వచ్చేందుకు ఇచ్చే మాత్రలు శరీరం వేడిని తట్టుకునే శక్తిని ఇంకా తగ్గిస్తాయి. ఎండలోకి వెళ్ళకపోయినా, ఇంట్లో కుర్చీలో కూర్చున్నవారికి కూడా వడదెబ్బ తగులుతుంది.

మన సభ్యులొకరి సంగతి వారి అనుమతితోనే చెబుతున్నాను. పడకగదిలో కొడుకు పెట్టించిన ఎ.సి. ఉంది. దానిమీద పాత దుప్పటి కప్పి ఉంచారు. ఎందుకండీ అంటే, "మనవలు వచ్చినప్పుడు వేసుకుంటాం, మా ఇద్దరికీ ఎందుకు దండగ" అనేవారు. ఒక మే నెల మధ్యాహ్నం ఆయన మాట తడబడింది, ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. ఆ తల్లి తడిగుడ్డలు కప్పి, పక్కింటివాళ్ళను పిలిచి, 108కి ఫోను చేయించింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. బతికి బయటపడి ఈ వేళ మన మధ్యనే కూర్చుని ఉన్నారు. ఆ ఆరు రోజుల ఖర్చుతో ఎన్నో వేసవుల కరెంటు బిల్లు కట్టుకోవచ్చు.

కాబట్టి నేను చెప్పదలచిన మాట ఒకటే. ఉన్నదాన్ని బాగుచేసుకుని వాడుకుందాం, అవసరమైన చోటే కొత్తది కొందాం, కొన్నదాన్ని దుప్పటి కప్పి దాచకుండా ఉందాం.

యంత్రం కంటె ముందు ఇల్లు

మన తాతల కాలంలో మద్రాసు మిద్దెలు, పెంకుటిళ్ళు, వాకిట్లో తాటాకు పందిళ్ళు, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు ఉండేవి. ఇప్పుడు మనవి సిమెంటు స్లాబు ఇళ్ళు. స్లాబు పగలంతా వేడిని తాగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రిదాకా గదిలోకి వదులుతుంది. ఎండ తగ్గినా పై అంతస్తులో నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే.

దీనికి చౌకైన మందు తెల్లదనం. డాబా మీద సున్నంగాని, చలువ పెయింటుగాని వేస్తే ఎండ చాలావరకు తిరిగి ఆకాశంలోకే పోతుంది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చలువ కప్పుల విధానాన్నే ప్రకటించింది. సున్నం ఏటా ఉగాదిలోపు వేయించుకోవాలి. పెయింటు అయితే కొన్నేళ్ళు వస్తుంది, కాని దుమ్ము పట్టి నల్లబడితే పనిచేయదు, కడుగుతూ ఉండాలి. పైన నీళ్ళ ట్యాంకుకు నీడ కల్పిస్తే మధ్యాహ్నం కుళాయిలో సలసల కాగే నీళ్ళు రావు.

పడమటి కిటికీకి లోపల తెర వేసేకంటె బయట చాపగాని, ఆకుపచ్చ నీడ వలగాని కట్టడం మేలు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండను తెర ఆపినా, ఆ వేడి గదిలోనే ఉంటుంది. పొద్దున తొమ్మిది దాటగానే కిటికీలు మూసి, రాత్రి గాలి చల్లబడ్డాక అన్నీ తెరవాలి. చాలా ఇళ్ళలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది.

ఇంకొక మాట. ఇంట్లో అన్నిటికంటె వేడిగా ఉండేది వంటగది. అక్కడ నిలబడేది మన అర్ధాంగి. హాల్లో చలువ ఏర్పాటు చేసుకుని వంటగదిలో పొగ లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా పెట్టించని ఇళ్ళు నేను ఎన్నో చూశాను. ముందు అది పెట్టించండి.

ఫ్యాను

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే వైండింగు పోయిందని చెప్పి విప్పుకుపోయే మెకానిక్కులున్నారు. చాలాసార్లు పాడయ్యేది కెపాసిటరు. మన వీధి ఎలక్ట్రీషియన్లు దాన్నే కండెన్సరు అంటారు. చాలా తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. ముందు అది మార్పించి చూడండి. రెక్కల మీద పేరుకున్న దుమ్ము తుడిచినా గాలి పెరుగుతుంది. కాని ఆ పని కోసం మీరు స్టూలు ఎక్కవద్దు. మన వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడు వచ్చే బి.ఎల్.డి.సి. రకం ఫ్యాను 30 వాట్ల దగ్గరే సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. వోల్టేజి తగ్గినా వేగం పెద్దగా తగ్గదు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు బ్యాటరీ మీద ఎక్కువసేపు వస్తుంది. ఇల్లంతా ఒక్కసారి మార్చనవసరం లేదు. రాత్రంతా తిరిగే పడకగది ఫ్యానుతో మొదలుపెట్టండి. 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ గుర్తు తప్పనిసరి అయింది, చూసి కొనండి.

అయితే ఫ్యానుకు ఒక హద్దుంది. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు, వేడిగాలిని ఒంటిమీదకు తోస్తుంది. ఆ వేడిలో ఫ్యాను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. గోడకు ఒక చిన్న ఉష్ణమాపకం తగిలించుకోండి. మన ఒళ్ళు చెప్పని సంగతి అది చెబుతుంది.

కూలరు

కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో కూలరూ అందుకే చల్లబరుస్తుంది. నీరు ఆవిరి అవుతూ గాలిలోని వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉండాలి, అప్పుడే ఆవిరి అవుతుంది. అందుచేత రామగుండం, హనుమకొండ, కర్నూలు, అనంతపురం వంటిచోట్ల ఏప్రిల్, మే నెలల్లో కూలరు హాయిగా పనిచేస్తుంది. బందరు, కాకినాడ, విశాఖపట్నంలో గాలిలోనే తేమ ఉంటుంది, ఒళ్ళు జిగటగా ఉండడం తప్ప పెద్ద ప్రయోజనం ఉండదు. తొలకరి పడ్డాక తెలంగాణలో కూడా అంతే.

కూలరును కిటికీ దగ్గర పెట్టి బయటిగాలి లాగేట్టు చూడాలి, ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగించి కూలరు వేస్తే గది ఆవిరి గది అవుతుంది.

ఏటా శివరాత్రి వెళ్ళగానే కూలరు దించి చూసుకోండి. గడ్డి మ్యాట్లు ఏటా మార్చాలి. తేనెపట్టు రకం ప్యాడ్లు కొన్నేళ్ళు వస్తాయి, కాని బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని రంధ్రాలు పూడితే గాలి ఆడదు. వారానికొకసారి నీళ్ళు పూర్తిగా ఒంపి, తొట్టి గోడలను కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి. డెంగ్యూ తెచ్చే దోమ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్ళు మార్చినంతమాత్రాన పోవు.

రేకు కూలరుకు షాకు కొట్టి చనిపోయినవారి వార్త ప్రతి వేసవిలోనూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. నీళ్ళు పోసేముందు స్విచ్చి కట్టడమే కాదు, ప్లగ్గు కూడా తీసేయాలి. మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తు లేని కూలరు ఇంట్లో ఉండకూడదు.

ఎ.సి. – గ్యాసు సంగతి

మన సభ్యులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "ఏటా గ్యాసు నింపించాలా?" అని. అక్కర్లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎ.సి.లో గ్యాసు వంటగ్యాసులాగా వాడితే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ గదిలోని వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. మన ఫ్రిజ్జులో పదేళ్ళయినా ఎవరూ గ్యాసు నింపరు కదా! తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతికి మూయకుండా నింపితే మళ్ళీ వేసవికి మళ్ళీ అదే ఖర్చు.

మా ఇంటికి వచ్చిన ఒక కుర్రవాడు బయటి పెట్టె మూత విప్పకుండానే, "గ్యాసు తక్కువుంది సార్, మూడువేలవుతుంది" అన్నాడు. "ప్రెషరు చూపించు బాబూ, ఎక్కడ కారుతోందో కూడా చూపించు" అన్నాను. గేజి తగిలిస్తే ప్రెషరు సరిగ్గానే ఉంది. బయటి పెట్టె రేకుల సందుల్లో రెండేళ్ళ దుమ్ము. నీళ్ళతో కడిగాక గది చల్లబడింది. అతని తప్పని నేననను, ఇన్ని గ్యాసులు నింపాలని వాళ్ళకు పైనుంచి ఒత్తిడి ఉంటుంది. కాని ఒంటరిగా ఉండే పెద్దావిడను అదే మాట అంటే ఆవిడ మూడువేలు ఇచ్చేస్తుంది.

కాబట్టి చల్లదనం తగ్గితే ఈ వరుసలో చూడండి. మొదట లోపలి జల్లెడ, అంటే ఫిల్టరు. వేసవిలో పదిహేను రోజులకొకసారి మామూలు నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. రెండు, బయటి పెట్టె రేకులు. వేడిగాలి పోవడానికి దాని ముందు ఖాళీ ఉండాలి, సామాను పేర్చకూడదు. మూడు, బయటి పెట్టెలోని కెపాసిటరు. నాలుగు, నీళ్ళ గొట్టం. అది పూడితే గోడ వెంట నీళ్ళు కారతాయి. గ్యాసు అన్నది అయిదో మాట.

గ్యాసు నింపవలసివస్తే ఏ గ్యాసో పెట్టె మీది పట్టీలో రాసి ఉంటుంది, అదే నింపాలి. పాత ఎ.సి.లలో ఉండే ఆర్-22 ఓజోను పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం క్రమంగా తొలగిస్తున్నారు. ఇప్పుడు ఎక్కువగా వచ్చే ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది, ఆర్-290 అయితే బాగా మండుతుంది. అందుచేత శిక్షణ లేని మనిషి చేత ఈ పని చేయించవద్దు.

ఎ.సి.ని 18 డిగ్రీల్లో పెట్టడం వల్ల గది తొందరగా చల్లబడదు, కరెంటు మాత్రం ఎక్కువ కాలుతుంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా వేసుకుంటే మన వయసుకు హాయిగా ఉంటుంది, కీళ్ళూ పట్టవు.

కొత్తది కొనాలా?

పదేళ్ళు దాటిన ఎ.సి.లో కంప్రెసరు పోతే దానిమీద డబ్బు పెట్టకండి. కొత్తది కొనేటప్పుడు గది కొలత చూసుకోండి. 120 చదరపు అడుగుల పడకగదికి ఒక టన్ను సరిపోతుంది. పైన స్లాబుకు నేరుగా ఎండ తగిలితేనో, గది పెద్దదైతేనో ఒకటిన్నర. టన్ను అంటే ఎ.సి. బరువు కాదు. పూర్వం ఐసుతో చల్లబరిచే రోజుల్లో ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే లాగే వేడి అని అర్థం.

నక్షత్రాలు లెక్కపెట్టడంతో ఆగకండి. లేబులు మీద ఏ సంవత్సరపు కొలతో చూడండి. కొలతలు మధ్యమధ్య కఠినం చేస్తుంటారు, పాత సరుకు మీది అయిదు నక్షత్రాలు కొత్త లెక్కలో తగ్గవచ్చు. ఏడాదికి ఎన్ని యూనిట్లో కూడా లేబులు మీదే ఉంటుంది. ఆ అంకె 1600 గంటల వాడకానికి వేసినది.

ఇప్పుడు బిల్లు భయం సంగతి. ఒక టన్ను మంచి ఇన్వర్టరు ఎ.సి. గది ఒకసారి చల్లబడ్డాక గంటకు అర యూనిటు నుంచి ముప్పాతిక యూనిటు తీసుకుంటుందనుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు వేస్తే రోజుకు రెండు మూడు యూనిట్లు. అరవై రోజుల గట్టి ఎండలకు 120 నుంచి 180 యూనిట్లు. యూనిటు 8 రూపాయలనుకున్నా సీజను మొత్తానికి వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు. శ్లాబు మారి కొంచెం పెరిగిందనే అనుకుందాం. భార్యాభర్తలిద్దరి ప్రాణానికి అది ఎక్కువా? మీరే చెప్పండి. ఇంట్లో ఒక్క గది చల్లగా ఉంటే చాలు, మధ్యాహ్నం ఆ నాలుగు గంటలూ ఇద్దరూ అక్కడే ఉండండి.

మరొక జాగ్రత్త. 1980ల నాటి ఇళ్ళలో చాలాచోట్ల అల్యూమినియం వైర్లే ఉన్నాయి. అవి లైట్లకు, ఫ్యాన్లకు వేసినవి. వాటిమీద ఎ.సి. తగిలిస్తే జాయింట్ల దగ్గర కాలి మంటలు లేస్తాయి. ఎ.సి.కి మీటరు బోర్డు నుంచి వేరే రాగి వైరు, వేరే ఎం.సి.బి. ఉండాలి. లోడు పెంచినట్టు కరెంటు ఆఫీసులో రాయించుకోవాలి. దానితోపాటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించండి. ఎవరికైనా షాకు తగిలితే కన్నుమూసి తెరిచేలోగా కరెంటు కట్టేస్తుంది. నెలకొకసారి దాని టెస్టు బటను నొక్కి చూడాలి.

చలికాలం మాట

మనకు చలి రెండు నెలలే అయినా ప్రమాదాలు తక్కువేమీ కాదు. గట్టి నీళ్ళున్నచోట గీజరు లోపల సున్నంలాగా పేరుకుంటుంది. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, ఎలిమెంటు కాలిపోతుంది. దసరాకు ముందు విప్పించి శుభ్రం చేయించండి. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది. ట్యాంకుకు బదులు తాను అరిగిపోవడమే దాని పని. అరిగితే మార్పించాలి. భద్రతా వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టవద్దు, ట్యాంకు పేలుతుంది.

గ్యాసు గీజరు స్నానాలగది లోపల ఉంటే ఈ వారమే బయటికి మార్పించండి. గాలి ఆడని గదిలో అది కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు, తల తిరిగేలోపే మనిషి కూలిపోతాడు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నా అంతే. చలి ఎక్కువైతే రగ్గు, స్వెట్టరు, వేడినీళ్ళ సంచి చాలు.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరునెలలు వెళ్ళే సభ్యులు మనలో ఎందరో ఉన్నారు. అక్కడ ఇంటికంతటికీ ఒకే యంత్రం, గొట్టాల ద్వారా ప్రతి గదికీ గాలి వస్తుంది. గోడమీది థర్మోస్టాటు ఫారన్‌హీట్‌లో ఉంటుంది. 68 అంటే మన 20, 78 అంటే సుమారు 25న్నర. చలిగాలి వస్తోందని నేలలోని జాలీల మీద తువ్వాలు కప్పకండి, యంత్రం మీద భారం పడుతుంది. దాని ఫిల్టరు మార్చారా అని, కార్బన్ మోనాక్సైడు గంటకు బ్యాటరీ ఉందా అని అబ్బాయిని ఒకసారి అడగండి. ఉద్యోగాల హడావుడిలో వాళ్ళు మరిచిపోతారు.

సంఘానికి ఒక మనవి

ఏటా ఫిబ్రవరిలో మన సభ్యుల ఇళ్ళన్నిటికీ కలిపి ఒక సర్వీసు ఏర్పాటు చేసుకుందాం. అరవై ఇళ్ళు ఒక్కసారి ఇస్తే నమ్మకమైన మెకానిక్కు సరసమైన ధరకు వస్తాడు, మోసానికీ జంకుతాడు. ఒంటరిగా ఉండే సభ్యుల ఇళ్ళకు, కుటుంబ పింఛను తీసుకునే మన సోదరీమణుల ఇళ్ళకు మెకానిక్కుతో పాటు మనలో ఒకరు వెళ్ళాలి. ఆ పనికి నా పేరు మొదట రాసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఒకరికొకరు ఫోను చేసుకుందాం. మాట తడబడినా, ఎవరూ ఫోను ఎత్తకపోయినా వెంటనే ఆ ఇంటి తలుపు తట్టాలి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు పెద్దలు. రోలు పగిలితే మరొకటి తెచ్చుకోవచ్చు. జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న పింఛను, మనం ఉంటేనే కదా మనకు అందేది! ఇంటికి వెళ్ళగానే ఆ దుప్పటి తీసి ఫిల్టరు కడగమని కోరుతున్నాను.